జీపు నడిపిన డ్రిల్ టీచరమ్మ

పోయిన ఆదివారం పొద్దున మాచర్ల నుంచి రమీజా ఫోన్ చేసింది. "టీచర్, మన డ్రిల్ టీచరమ్మ పోయింది. నిద్రలోనే పోయిందంట" అంది. తర్వాత, "సాయంత్రం చర్చి కాడికి మన పిల్లలందరూ వస్తన్నారు, మీరూ రండి" అంది.

మన పిల్లలంటే అప్పటి మా స్కూలు కబడ్డీ జట్టు, ఇప్పుడు యాభై దాటిన ఆడవాళ్లు. మనవళ్లను చంకనేసుకుని వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. సమాధుల తోటలో ఎవరూ చెప్పకుండానే వాళ్లంతా ఒక వరసలో నిలబడ్డారు. పొట్టివాళ్లు ముందు, పొడుగువాళ్లు వెనక. ఆవిడ నేర్పిన వరసే అది. ప్రార్థన అయ్యాక పాస్టరుగారు నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. లేచి నిలబడ్డాను. ఆవిడను తలుచుకోగానే, ఎప్పటిదో ఒక పొద్దున గురజాల దాటాక రోడ్డు మీద జరిగిందంతా ఒక్కసారిగా కళ్ల ముందుకు వచ్చి ఒళ్లు పులకరించింది. సమాధి పక్కన నిలబడి జీపు యాక్సిలరేటర్ కథ చెబితే ఏం బాగుంటుందని రెండు ముక్కలు గొణిగి కూర్చున్నాను. అప్పుడు చెప్పలేనిది ఇప్పుడు మీకు చెబుతాను.

ఎనభైల మొదట్లో, బీఈడీ పూర్తయిన కొత్తలో, రొంపిచెర్ల నుంచి మాచర్లలోని ఒక మిషన్ హైస్కూలుకు లెక్కల టీచరుగా వెళ్లాను. అప్పటికి నేను మా ఊరు దాటి ఒంటరిగా ఎక్కడా ఉన్నదాన్ని కాదు. బస్సులో సీటు అడగాలన్నా సిగ్గుపడేదాన్ని. మా డ్రిల్ టీచరమ్మ నాకన్నా బాగా పెద్దది. మా స్కూలు వెనక వీధిలో ఇల్లు. నేను గది కోసం వెతుక్కుంటున్నానని తెలిసి, వాళ్ల ముందు గది ఖాళీ చేయించి నా ట్రంకు పెట్టె తనే మోసుకొచ్చి లోపల పెట్టింది. స్కూల్లో అందరిలాగా టీచర్‌గారూ అనేదాన్ని, ఇంట్లో అక్కా అనేదాన్ని.

మనిషి పొడుగు. చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, మెడలో ఈల, కాళ్లకు తెల్ల కాన్వాసు బూట్లతో పొద్దు పొడవక ముందే గ్రౌండులో ఉండేది. ఆవిడ ఈల ఊదితే మా స్టాఫ్ రూములో చాక్‌పీసు పట్టుకున్న చెయ్యి కూడా ఆగేది. ఆడపిల్లల చేత కబడ్డీ ఆడించడం ఆ రోజుల్లో మాచర్లలో చిన్న సంగతి కాదు. ఆవిడ ఇల్లిల్లూ తిరిగి తల్లుల్నీ తండ్రుల్నీ ఒప్పించి జట్టు కట్టింది. రమీజా వాళ్ల నాన్న బస్టాండు పక్కన మెకానిక్ షెడ్డు నడిపేవాడు. ఆయనైతే మొదట ససేమిరా అన్నాడు. పొడుగు పైజామాలు వేయించి ఆడిస్తానని, పిల్లను తన పక్కనే కూర్చోబెట్టుకుని తీసుకెళ్లి తీసుకొస్తానని ఆవిడ మాట ఇచ్చాక ఒప్పుకున్నాడు. రమీజా బలమైన పిల్ల. అది కాలు పట్టిందంటే కూతకు వచ్చిన అమ్మాయి గీత తాకడం కల్ల.

ఆవిడకు ఒక అలవాటు ఉండేది. ఏ పిల్లయినా కాలు నొప్పనో నడుము నొప్పనో వస్తే కూర్చోబెట్టి చూసేది కాదు. "కూర్చున్న కాలు ఏం చెప్తదే? పరిగెత్తు, చూస్తా" అనేది. పిల్ల పరిగెడుతుంటే చేతులు కట్టుకుని, తల ఒక పక్కకు వంచి చూసేది. ఒకసారి మా కెప్టెన్ సుశీల మోకాలు నొప్పని వారం నుంచీ కుంటుతోంది. ఆవిడ దాన్ని గ్రౌండు చుట్టూ తిప్పి తిప్పి చూసి, మోకాలికి ఏమీ కాలేదని తేల్చింది. నేరుగా పరిగెత్తేటప్పుడు కుంటడం లేదు, కుడికి తిరిగేటప్పుడే కుంటుతోంది, కిందటి వారం ఆ పక్కకే పడింది కాబట్టి మళ్లీ పడతానని భయపడుతోంది, అంతే అంది. తర్వాత దాన్ని కుడి పక్కకే పదే పదే ఇసకలో పడేయించింది. సాయంత్రానికి సుశీల కుంటు పోయింది. నేను లెక్కల మనిషిని కదా, ఆ చూసే పద్ధతి నాకు భలే నచ్చింది.

ఇక జీపు సంగతి. టీచరమ్మ వాళ్లాయన సాగర్ ప్రాజెక్టు స్టోర్సులో పనిచేసేవాడు. నెమ్మదైన మనిషి. ప్రాజెక్టు వాళ్లు పాత జీపుల్ని వేలం వేస్తే ఏ ధైర్యం పుట్టిందో ఒకటి కొనుక్కొచ్చాడు. మొదటి రోజే స్టీరింగు పట్టి ఎదురింటి ముళ్ల కంపకోటలోకి పోనిచ్చాడట. బండి దిగి తాళం చెవి ఆవిడ చేతిలో పెట్టి, మళ్లీ అటువైపు చూడలేదు. ఆవిడ ప్రాజెక్టు డ్రైవరు ఒకాయన దగ్గర కూర్చుని నేర్చుకుంది. ఆవిడ జీపు తోలుకుంటూ బజారులోకి వస్తే టీ కొట్టు దగ్గర గ్లాసులు పట్టుకున్నవాళ్లు తాగడం మర్చిపోయి చూసేవాళ్లు. నాకు పక్కన కూర్చోవడానికే సిగ్గేసేది. "చూడనీవే. వాళ్ల కళ్లు వాళ్లియ్యి, మన రోడ్డు మనది" అనేది ఆవిడ, హారన్ కొడుతూ.

నేను చేరడానికి ముందటి ఏడు నరసరావుపేటలో పోటీలకు మా జట్టు బస్సులో బయలుదేరింది. బస్సు దారిలో ఆగిపోయింది, తర్వాత వచ్చిన బస్సు నిండుగా ఉండి ఎక్కించుకోలేదు. పిల్లలు గ్రౌండుకు చేరేసరికి రాలేదని రాసేసి ఎదుటి జట్టును గెలిపించేశారు. పిల్లలు ఆడకుండానే ఓడిపోయి తిరిగొచ్చారు. అప్పుడు నేను లేను కానీ ఆ అవమానం గురించి విన్నాను. ఆ తర్వాత ఊళ్లో మాటలు మొదలయ్యాయి, ఎదిగిన పిల్లల్ని ఊళ్లు తిప్పడం ఏమిటని. మా హెడ్మాస్టరుగారు చెడ్డవారు కాదు, కానీ ఆ మాటలు ఆయన గదిలోకే వచ్చి పడేవి. ఈసారి కూడా ఆడకుండా వస్తే ఇక ఆడపిల్లల జట్టు ఎత్తేద్దామని ఆవిడకు చెప్పేశారు. ఆవిడ తలూపి బయటికి వచ్చి, ఈసారి బస్సు లేదు, మన బండిలోనే పోదాం అంది.

పోటీలు దగ్గర పడుతుంటే బండికి జబ్బు చేసింది. ఉన్నట్టుండి పికప్ పోయేది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా ఇంజను గొణుగుతూ చచ్చిపోబోయేది, కాలు తీసి మళ్లీ తొక్కితే లేచేది. రమీజా వాళ్ల నాన్న చూశాడు. ఆయన మంచి పనితనం ఉన్న మెకానిక్కు, అందులో అనుమానం లేదు. కార్బురేటర్ విప్పి కడిగాడు, ప్లగ్గులు మార్చాడు, పెట్రోలు గొట్టాలు ఊదాడు. ప్రతిసారీ ఆవిడను పక్కన కూర్చోబెట్టుకుని స్టేషను రోడ్డు దాకా తోలి చూసేవాడు. బండి గుర్రంలా పోయేది. మర్నాడో ఆ మర్నాడో ఆవిడ పిల్లల్ని ఎక్కించుకుని పోతుంటే మళ్లీ అదే గొణుగుడు. "మీరు తోల్తే బానే ఉంటది, నేను తోల్తే అలుగుద్ది. ఏంది భాయ్ ఇది" అని ఆవిడ నవ్వేది. ఆయన నవ్వేవాడు కాదు. తన కూతురు ఎక్కే బండి అది.

పోటీల రోజు చీకటి ఉండగానే బయలుదేరాం. పిల్లల్ని వెనక ఎదురుబొదురుగా కుక్కి, రమీజాను మాట ప్రకారం ముందు మా ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుంది. ఆవిడ వాళ్లాయన పొద్దున్నే లేచి పిల్లలందరికీ పులిహోర పొట్లాలు కట్టించి, పనిముట్ల పెట్టెలో జాకీ, స్పానర్లు, బైండింగ్ తీగ చుట్ట సర్ది, మేం వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడ్డాడు. రెంటచింతల దాటేసరికి తెల్లవారింది. పిల్లలు పాటలందుకున్నారు. గురజాల కూడా దాటాం. అన్నీ సవ్యంగా ఉన్నాయనుకుంటుంటే ఒక వాగు వచ్చింది. చప్టా మీదికి దిగి అవతలి ఎత్తు ఎక్కుతుంటే బండి గొణిగింది. ఆవిడ గేరు మార్చింది. ఇంజను కింద ఏదో దడదడమని కొట్టుకుని చప్పున ఆగిపోయింది. బండి వెనక్కి జారబోతే బ్రేకు తొక్కి పట్టింది.

పాటలు ఆగిపోయాయి. రెండోసారి ప్రయత్నించింది, మూడోసారి ప్రయత్నించింది. సగం ఎత్తుకు రావడం, చచ్చిపోవడం. వెనక నుంచి ఎవరో చిన్నగా ఏడవడం మొదలుపెట్టారు. ఆవిడ అద్దంలో చూసి, "ఏడ్చేది తర్వాత ఏడుద్దాం. ముందు దిగండి" అంది.

అందరం దిగాం. పిల్లలు దిగిన బండి చక్కగా ఎత్తు ఎక్కింది. పైన ఆపి, మళ్లీ వెనక్కి దించి, పిల్లల్ని ఎక్కించింది. సగంలో చచ్చింది, మళ్లీ అందరం దిగాం. రమీజా ముఖం చిన్నబుచ్చుకుని, తన బరువు వల్లనే కాబోలు, తను బస్సులో వస్తానంది. ఆవిడ దాని భుజం మీద చెయ్యేసి, "నీ బరువు నాకు గ్రౌండులో కావాల. నువ్వుండు" అంది. తర్వాత నా వైపు తిరిగి, "అమ్మాయ్, నువ్వు లెక్కల టీచరువు కదా, రా, మన ముందు ఏముందో చూద్దాం" అంది.

రోడ్డు పక్క నిలబడి మేమిద్దరం మాట్లాడుకున్నదంతా నాకిప్పటికీ వరసగా గుర్తుంది. ఖాళీ బండి ఎక్కుతోంది, నిండు బండి ఎక్కడం లేదు. చదును మీద బాగుంది, ఎత్తులో బాగాలేదు. అంటే బరువు లాగేటప్పుడే రోగం బయటపడుతోంది. పెట్రోలు అందడం లేదేమో అన్నాను. ఆవిడ ఇంజను స్టార్ట్ చేసి, దిగి బానెట్ ఎత్తి, కార్బురేటర్ దగ్గరి మీటను వేలితో లాగింది. ఇంజను రయ్యిమని లేచింది. పెట్రోలు అందుతోంది, నిప్పూ పడుతోంది. పెడల్ నుంచి కార్బురేటర్‌కు వచ్చే రాడ్డు ఊడిందేమో అన్నాను. సుశీల చేత పెడల్ తొక్కించి చూసింది. రాడ్డు కదిలింది, మీట తెరుచుకుంది, ఇంజను మళ్లీ రయ్యిమంది. అన్నీ బాగానే ఉన్నాయి. అదే చిక్కు.

అప్పుడావిడ తన కుడి కాలి వంక చూసుకుంది. తర్వాత, ఎత్తు ఎక్కేటప్పుడు పెడల్ తన కాలిని వెనక్కి తోసినట్టు అనిపించిందని చెప్పింది. తను కిందికి తొక్కుతుంటే అది పైకి లేస్తోందట. ఇన్నాళ్లూ కాలు జారిందనుకుందట. అలా అంటూనే ఆవిడ ముఖం మారిపోయింది. గ్రౌండులో పిల్ల పరిగెడుతుంటే తల వంచి చూసేదే, ఆ ముఖం వచ్చేసింది.

"నిలబెట్టి చూస్తే ఏం తెలుస్తది? పరిగెత్తించి చూడాల" అంది.

పరిగెత్తే బండిలో ఇంజను ఎలా చూస్తామని నేను అడిగాను. బండిని కదలనివ్వకుండానే పరిగెత్తిద్దాం అంది. పిల్లలంతా పొలం గట్ల నుంచి నాపరాళ్లు మోసుకొచ్చి నాలుగు చక్రాల ముందూ వెనకా పేర్చారు. హ్యాండు బ్రేకు లాగింది. పిల్లలందర్నీ దూరంగా గట్టు మీదికి పంపించింది. నన్ను ముందు కాకుండా పక్కన నిలబెట్టి, ఇంజను మీద నుంచి కన్ను తీయొద్దని చెప్పి, తను ఎక్కి, మొదటి గేరు వేసి క్లచ్ మెల్లగా సగం వదిలింది. బండి రాళ్లకు ఆనుకుని, కట్టేసిన ఎద్దులా ముందుకు ముందుకు తన్నుకుంది.

నేను చూశాను. ఇంజను ఒక పక్క లేచింది. అంత పెద్ద ఇనప ముద్ద, బోల్టులు వేసి బిగించి ఉండాల్సింది, బెత్తెడు ఎత్తున పైకి లేచి వాలిపోయింది. అది లేచినప్పుడల్లా కార్బురేటరూ దానితోపాటు లేచి, రాడ్డు మెలితిరిగి, ఆవిడ కాలు కింద తొక్కి పట్టే ఉన్నా మీట వెనక్కి పడిపోయి మూసుకుంటోంది. చేతులు గాల్లో ఊపాను. ఆవిడ క్లచ్ తొక్కింది, ఇంజను మళ్లీ మంచి పిల్లలా తన చోట కూర్చుంది.

"ఇంజనే లేస్తంది అక్కా. ఇంజనే లేస్తంది" అన్నాను.

ఆవిడ చెంగున దూకి వచ్చింది. తను కూడా చూడాలంది. మరి లోపల ఎవరు తొక్కుతారు? నా వైపు చూసింది. నేనప్పటిదాకా సైకిలు కూడా తొక్కలేదు. వద్దక్కా, నావల్ల కాదు అన్నాను. ఆవిడ నన్ను రెక్క పట్టుకుని సీట్లో కూర్చోబెట్టి, నా ఎడమ కాలు క్లచ్ మీద, కుడి కాలు యాక్సిలరేటర్ మీద తనే పెట్టింది. రాళ్లున్నాయి, బ్రేకుంది, బండి ఎటూ పోదు, తన చెయ్యి పైకి లేస్తే క్లచ్ మెల్లగా వదలాలి, దించితే తొక్కాలి అని చెప్పి పక్కకు వెళ్లి నిలబడింది. ఆవిడ చెయ్యి లేచింది. నేను వదిలాను. బండి గర్జించింది, స్టీరింగు నా చేతుల్లో అదిరిపోయింది, కాలి కింద పెడల్ నన్ను పైకి తోసింది. నాకు భయం వేయాలి. వేయలేదు. గట్టు మీద పిల్లలు కేకలు పెడుతున్నారు, నాకు ఇంకా తొక్కాలనిపించింది.

ఆవిడ చెయ్యి దించి గట్టిగా నవ్వింది. ఇంజనుకూ కింద ఫ్రేముకూ మధ్య అదురు తగలకుండా రబ్బరు దిమ్మెలుంటాయి. ఒక పక్క దిమ్మె నిలువునా చీలిపోయింది. ఇంజను ఊరికే దాని మీద కూర్చుని ఉంది. బరువు లాగనంత సేపూ కదలదు, కాబట్టి షెడ్డులో చూసినవాళ్లకు కనపడదు. బరువు మీద పడగానే లేస్తుంది, లేచి తన గొంతు తనే నొక్కుకుంటుంది. అన్నాళ్ల చిక్కు అంతా ఒక చీలిన రబ్బరు ముక్క.

తెలిసింది సరే, రబ్బరు ఎక్కడిది? ఎండ ఎక్కుతోంది. అప్పటికి ఒక గొర్రెల కాపరి తాత మంద వదిలేసి వచ్చి మా వెనక నిలబడి ఉన్నాడు. భుజాన కొడవలి కట్టిన గెడ, కాళ్లకు లారీ టైరుతో కుట్టించిన చెప్పులు. ఆవిడ చూపు ఆయన కాళ్ల మీద పడింది. "తాతా, నీ చెప్పొకటి ఇస్తావా? పిల్లలు ఆటకు పోవాల" అంది.

ఆయన అర్థం కాక చూశాడు. ఆవిడ చీలిన దిమ్మె చూపించి విడమరిచి చెప్పింది. ఆయన వంగి చూసి, గట్టు మీద వరసగా నిలబడ్డ పిల్లల్ని చూసి, రెండు చెప్పులూ విడిచాడు. "ఒక కాలి చెప్పుతో నేనేం జేసుకుంటానమ్మా. రెండూ తీసుకో" అన్నాడు.

ఆయన కొడవలితోనే ఆ చెప్పుల అడుగు అట్టను ముక్కలు కోశాం. జాకీ మీద చెక్క పెట్టి ఇంజనును కొంచెం ఎత్తి, టైరు ముక్కలు ఒకదాని మీద ఒకటి దూర్చాం. బైండింగ్ తీగను పేటలు పేటలుగా పెనవేసి ఇంజను బ్రాకెట్టునూ ఫ్రేమునూ కలిపి చుట్టి, స్పానరు దూర్చి మెలితిప్పాం. మెలితిప్పింది రమీజా అంటేనే సరిగ్గా ఉంటుంది. ఆవిడ చేతులు మోచేతుల దాకా నల్లబడ్డాయి, నా చీర కూడా పాడైంది. మళ్లీ రాళ్లకు ఆనించి పరీక్షించాం. ఇంజను వణికింది కానీ లేవలేదు. పిల్లలంతా ఎక్కారు. వాగు ఎత్తు మొదలైంది. ఒక్కరు కూడా ఊపిరి తీసుకోలేదు. బండి మెల్లగా, గంభీరంగా, ఆగకుండా ఎక్కింది. పైకి చేరగానే వెనక లేచిన కేకకు తాత గొర్రెలు చెదిరిపోయాయి. ఆయన వట్టి కాళ్లతో వాటి వెనక పరిగెత్తడం అద్దంలో కనపడింది.

నరసరావుపేట గ్రౌండు గేటు దగ్గరికి వచ్చేసరికి మైకులో మా స్కూలు పేరు పిలుస్తున్నారు. అది ఎన్నోసారి పిలవడమో తెలియదు. ఎదుటి జట్టు కోర్టులో నిలబడి ఉంది. ఆవిడ బండి ఆపేలోపే సుశీల వెనక నుంచి దూకి లంగా ఎత్తి పట్టుకుని, "వచ్చాం, వచ్చాం" అని అరుస్తూ గ్రౌండు మధ్యకు పరిగెత్తింది. మిగతావాళ్లు దాని వెనక. రెఫరీ ఆలస్యమైందనీ ఇక కుదరదనీ అన్నాడు. ఆవిడ వాదించలేదు. నల్లటి చేతులు రెండూ ముందుకు చాపి దారిలో ఏం జరిగిందో చెప్పింది. ఎదుటి జట్టు డ్రిల్ మాస్టరు పెద్దాయన. ఆ చేతుల వంక చూసి, "వాళ్లని బట్టలు మార్చుకోనీండి. ఆడకుండా గెలిచి మా పిల్లలు ఏం జెప్పుకుంటారు" అన్నాడు. ఆ మాటతో రెఫరీ కూడా మెత్తబడ్డాడు.

ఆ ఆట గురించి చెప్పాలంటే నాకిప్పటికీ కూర్చుని చెప్పడం చేతకాదు. కబడ్డీ అంటే అంతవరకూ నాకు దుమ్మూ కేకలూ మాత్రమే. ఆ రోజు గీత పక్కన నిలబడి నేనే అందరికన్నా ఎక్కువ అరిచాను. మావాళ్లు మొదట తడబడ్డారు, తర్వాత పుంజుకున్నారు. చివరికి రెండు జట్లూ సమానంగా ఉండగా ఎదుటి కెప్టెన్ కూతకు వచ్చింది. మెరుపులాంటి పిల్ల. సుశీలను తాకి వెనక్కి తిరిగింది. రమీజా నేలకు పడి దాని చీలమండ పట్టుకుంది. ఆ పిల్ల గీత మీదికి చేతులు చాపింది, కూత ఆపలేదు, రమీజా వదలలేదు, మిగతావాళ్లు మీద పడ్డారు. కూత తెగింది, ఆట మాదైంది. ఆవిడ ఈల నోట్లో పెట్టుకుని ఊదడం మర్చిపోయి నిలబడింది.

మర్నాడు రెండో ఆటలో ఓడిపోయాం. మాకన్నా వాళ్లు మంచి జట్టు, అంతే. పిల్లలెవరూ తల దించుకోలేదు. తిరిగి వచ్చేటప్పుడు కొత్త చెప్పుల జత కొనుక్కుని వాగు దగ్గర ఆగాం. తాత అవి తొడుక్కుని నాలుగడుగులు వేసి, పాతవి ఇంకా బాగుండేవని నిష్ఠూరమాడాడు. జట్టును ఎత్తేసే మాట హెడ్మాస్టరుగారు మళ్లీ ఎత్తలేదు. ఆవిడ రిటైరయ్యేదాకా ఆ స్కూల్లో ఆడపిల్లలు కబడ్డీ ఆడుతూనే ఉన్నారు.

రమీజా వాళ్ల నాన్న బానెట్ ఎత్తి ఆ టైరు ముక్కల్నీ తీగ కట్టునూ చూసి నేల మీద కూలబడి నవ్వాడు. షెడ్డులో ఉన్నవాళ్లందర్నీ పిలిచి చూపించాడు. ఆ తీగ మెలితిప్పింది తన కూతురేనని తెలిశాక ఇంకా రెండుసార్లు చూపించాడు. అప్పటి నుంచీ ఏ బండికి పికప్ పోయిందన్నా ఆయన ముందు టీ కొట్టు దగ్గర కూర్చున్నవాళ్లను కేకేసి బండి నిండా ఎక్కించుకునేవాడు. ఊరికే తిరగడానికి జనానికీ సరదాగానే ఉండేది.

నాకు ఆవిడ దగ్గర నేర్చుకున్నవి లెక్కపెట్టడం రాదు. తర్వాత నేను ఉద్యోగంలో చాలా ఊళ్లు తిరిగాను. లెక్క తప్పు చేసిన పిల్లకు తప్పు చూపించకుండా, "నా ముందు మళ్లీ చెయ్యి, చూస్తా" అనడం ఆవిడ వల్ల అబ్బింది. పిల్ల చేస్తుండగా చూస్తే ఎక్కడ తడబడుతోందో తెలుస్తుంది. జీపు తోలడం కూడా ఆవిడే నేర్పింది. బజారులో నేను స్టీరింగు పట్టుకుంటే ఆవిడ పక్కన కూర్చుని జీడిపప్పు నములుతూ ఒక్క మాట మాట్లాడేది కాదు. గేరు తప్పు వేస్తే మాత్రం నమలడం ఆగేది.

పోటీల నుంచి వచ్చిన వారం, బండికి కొత్త దిమ్మె వేయించాక, జట్టునంతా ఎత్తిపోతలకు తీసుకెళ్లింది. పిల్లలు జలపాతం తుంపర్లలో సాయంత్రం దాకా తడిసి వణుకుతూ వచ్చి బండెక్కారు. అక్కడి నుంచి పైకి రావాలంటే మంచి ఎత్తు. ఆవిడ పెడల్ తొక్కింది. బండి నిండా జనంతో, తడి బట్టలతో, ఒక్క గొణుగు లేకుండా, తాడు పట్టి లాగినట్టు పైకి వచ్చేసింది. పైకి చేరాక ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. బండిని వెనక్కి తిప్పి మళ్లీ కిందికి దించడం మొదలుపెట్టింది. ఏదన్నా మర్చిపోయామా అక్కా అని అడిగాను.

"ఏం మర్చిపోలా. ఇంకోసారి ఎక్కుదాం" అంది.

కిందికి దిగాం, మళ్లీ ఎక్కాం. పిల్లలు ఇంకోసారి అన్నారు, మళ్లీ దిగాం. కొండల వెనక పొద్దు ఎర్రబడుతోంది. ఆవిడ జుట్టు ముడి ఊడి గాలికి లేస్తోంది, పట్టించుకోవడం లేదు. పెదవులు గట్టిగా బిగించి, కళ్లు మాత్రం నవ్వుతూ, పెడల్ మీద కాలు మెల్లగా దించుతోంది. ఇంజను గొంతు హెచ్చుతోంది, రోడ్డు మా ముందు పైకి లేస్తోంది.